పర్షియా రాణుల అధికారం: అంతఃపుర కథలు, మట్టిపలకల సాక్ష్యం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. ప్రాచీన పర్షియా రాణుల గురించి మీరు రెండు వీడియోలు చూశారు. ఒకటి వారిని గడప దాటని బందీలుగా చూపించింది, రెండోది తెర వెనుక నుంచి సామ్రాజ్యాన్ని ఆడించిన కుట్రదారులుగా చూపించింది. ఈ రెండింటిలో ఏది నిజం, ఆ స్త్రీలకు చెప్పుకోదగ్గ అధికారం అసలు ఉండేదా అన్నది మీ సందేహం.

డిగ్రీ విద్యార్థులకు ప్రాచీన చరిత్ర చాలాకాలం బోధించిన అనుభవంతో చెబుతున్నాను: రెండూ నమ్మదగినవి కావు. అకెమెనిడ్ (సైరస్ స్థాపించిన పర్షియా సామ్రాజ్యపు వంశం) రాజకుటుంబ స్త్రీలకు సింహాసనం ఎక్కే హక్కు లేదు. కానీ సొంత భూములు, ఆ భూముల మీద పనివారు, ఆజ్ఞను చెల్లుబాటు చేసే సొంత ముద్ర, రాజుతో నేరుగా మాట్లాడి మనవి చేసుకునే హక్కు వారికి ఉండేవి. వారి పలుకుబడి ఈ నాలుగింటి మీద నిలబడింది. కుట్రలు జరగలేదని నేను అనను. అయితే కుట్ర చేయాలన్నా చేతిలో డబ్బు, మనుషులు ఉండాలి కదా. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నది ముందు తెలుసుకోవాలి. నేను మాట్లాడుతున్నది సైరస్ నుంచి మూడవ డేరియస్ వరకు, అంటే సుమారు క్రీ.పూ. 550 నుంచి 330 వరకు నడిచిన రాజ్యం గురించి మాత్రమే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పాఠాన్ని పూర్తిగా గ్రీకు రచయితల మీద ఆధారపడి చెప్పేవాడిని. హెరోడోటస్, క్టీసియస్, ప్లూటార్క్ చెప్పిన కథలు రక్తి కడతాయి, పిల్లలు చెవులు రిక్కించి వింటారు. ఒక ఏడాది పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు దాదాపు అందరూ "పర్షియా పతనానికి రాణుల జోక్యమే కారణం" అని రాయడం చూసి నాకు బాధ కలిగింది. ఆ వాక్యం వారికి నేర్పింది నేనే. ఆ తర్వాతే నేటి ఇరాన్‌లో ఉన్న ఆ సామ్రాజ్యపు రాజధాని పెర్సెపోలిస్‌లో దొరికిన మట్టిపలకల అనువాదాలను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను, పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను.

ఆ పలకల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. 1933లో చికాగో విశ్వవిద్యాలయం వారి ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ తరఫున ఎర్నస్ట్ హెర్జ్‌ఫెల్డ్ నాయకత్వంలో పెర్సెపోలిస్‌లో తవ్వకాలు జరుగుతుండగా, కోటగోడ లోపలి గదుల్లో వేల సంఖ్యలో పలకలు, పలకల ముక్కలు బయటపడ్డాయి. అవి మొదటి డేరియస్ పాలనలో 13వ ఏడు నుంచి 28వ ఏడు వరకు, అంటే క్రీ.పూ. 509 నుంచి 493 వరకు రాసిన లెక్కల కాగితాల వంటివి. చాలావరకు నైరుతి ఇరాన్‌కు చెందిన పాత భాష ఎలమైట్‌లో, మేకుల్లాంటి లిపిలో ఉన్నాయి. ఎవరికి ఎంత బత్తెం ఇచ్చారు, ఏ ఊరి గాదె నుంచి ఎంత ధాన్యం కదిలింది, ఏ ప్రయాణికుడికి ఎంత పిండి కొలిచారు అన్నవే అందులోని పద్దులు. వాటిని రాసిన గుమాస్తాకు ఎవరినీ మెప్పించాలని గానీ, ఎవరినీ భయపెట్టాలని గానీ లేదు. చరిత్రకారుడికి అంతకంటే మంచి సాక్షి దొరకడు.

వాటిలో ఒక ఉత్తరాన్ని నేను ప్రతి ఏటా తరగతిలో చదివి వినిపించేవాడిని. డేరియస్ 19వ పాలనా సంవత్సరం, మొదటి నెల. పెర్సెపోలిస్ ఆర్థిక వ్యవహారాలన్నిటికీ పెద్ద అయిన పర్నక అనే అధికారి పశువుల అధికారి హర్రేనకు రాయించిన ఆజ్ఞ అది. రాజు డేరియస్ తన ఎస్టేటు నుంచి 100 గొర్రెలను ఇర్తష్దున అనే రాజకుమారికి ఇవ్వమని తనకు ఆనతిచ్చాడనీ, రాజు తనకు చెప్పినట్టే తాను హర్రేనకు చెబుతున్నాననీ, కనుక వెంటనే ఆ 100 గొర్రెలు ఇవ్వవలసిందనీ అందులో ఉంది. చివర రాసిన లేఖకుడి పేరు, కబురు చేర్చినవాడి పేరు కూడా ఉన్నాయి. అదే నెలలో ఆమెకు 200 మర్రిష్‌ల వైన్ ఇమ్మని రాజాజ్ఞ మీద మరో పలక రాశారు. మర్రిష్ అంటే సుమారు 10 లీటర్ల కొలత కనుక అది దాదాపు 2,000 లీటర్లు. ఒక మనిషి తిని తాగేది కాదు ఇది, ఒక పెద్ద విందుకు సరిపడే సరుకు. ఆ విందు పెట్టింది ఒక స్త్రీ, ఖర్చు భరించింది రాజు.

ఈ ఇర్తష్దున గ్రీకులు అర్టిస్టోన్ అని పిలిచిన స్త్రీయే. సైరస్ కుమార్తె, డేరియస్ భార్య. డేరియస్ తన భార్యలందరిలో ఆమెను ఎక్కువగా ప్రేమించాడనీ, ఆమె ప్రతిమను బంగారంతో చేయించాడనీ హెరోడోటస్ రాశాడు. ఆయన చూపు అక్కడితో ఆగిపోయింది. పలకలు మాత్రం ఆమెకు కుక్కన్నకన్, మిరందు, మతన్నన్ వంటి చోట్ల సొంత ఎస్టేటులు ఉండేవని చెబుతున్నాయి. "కుక్కన్నకన్‌లోని నా ఎస్టేటు నుంచి వైన్ ఇవ్వండి" అని ఆమె తన పేరుతో రాయించిన ఉత్తరాలు, వాటి మీద ఆమె సొంత ముద్ర ఈనాటికీ ఉన్నాయి. భర్త ప్రేమ, బంగారు బొమ్మ కథలో మిగిలితే, "నా ఎస్టేటు" అన్న మాట మట్టిలో మిగిలింది.

ముద్ర విలువ తెలియకపోతే ఈ సంగతి తలకెక్కదు. పలక అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. తడిగా ఉండగానే దాని లోపల నుంచి దారం పోనిచ్చి, రాసి, రాతి ముద్రను మీద దొర్లిస్తారు. ఒకసారి నేను కుమ్మరి దగ్గర నుంచి తెచ్చిన బంకమట్టిని తరగతిలో పంచి, పిల్లల ఉంగరాలతో, గాజులతో గుర్తులు వేయించాను. ఒక అమ్మాయి తన గాజు అచ్చును చూసుకుంటూ, "అంటే ఈ అచ్చు ఉంటే గాదె తలుపు తీస్తారు, లేకపోతే తీయరు, అంతేనా సార్?" అని అడిగింది. సరిగ్గా అంతే. ముద్ర ఎవరి దగ్గర ఉంటే ఆజ్ఞ వారిది. దాన్ని చెల్లించడానికి అధికారులు రాజు దగ్గరకు వెళ్లి మళ్లీ అడగనవసరం లేదు.

ఇంతకంటే ఆశ్చర్యకరమైన స్త్రీ ఇర్దబమ. గ్రీకు రచనల్లో ఎక్కడా ఆమె పేరు లేదు. 1933కు ముందు అలాంటి మనిషి ఒకరున్నారని ప్రపంచానికి తెలియదు. పలకల్లో చూస్తే ఆమె కింద వందల మంది పనివారున్నారు. ఆ పనివారి ముఖ్యమైన స్థావరం తిరజ్జిష్, నేటి షిరాజ్. రష్ద అనే నిర్వాహకుడు ఆమె వ్యవహారాలు చూసేవాడు. ఆమె పెర్సెపోలిస్‌కు, మరో రాజధాని సూసాకు ప్రయాణాలు చేసింది. రాజు భోజనపు ఖర్చు రాసేటప్పుడు వాడే "ఆయన సమక్షంలో ఖర్చయినది" అన్న లెక్కల మాటనే గుమాస్తాలు ఆమెకు కూడా వాడారు. ఆమె డేరియస్ తల్లి కావచ్చునని కొందరు పండితులు, ఎలమైట్ ప్రముఖ వంశానికి చెందిన స్త్రీ అని మరికొందరు అంటారు. బంధుత్వం ఏదైనా, సామ్రాజ్యంలో అతి పెద్ద ఆస్తుల్లో ఒకదాన్ని నడిపిన వ్యక్తిని గ్రీకు రచయితలు పూర్తిగా వదిలేశారన్నది నా దృష్టిలో ఆ రచనల గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన విషయం. గొడవల్లో పడిన స్త్రీలు మాత్రమే వారి కంట పడ్డారు.

ఇక మీ వీడియోలో ఎక్కువగా చూపించి ఉండే అటోస్సా దగ్గరకు వద్దాం. సైరస్ కుమార్తె, మొదట సైరస్ తర్వాత రాజైన కాంబైసిస్‌కు, చివరకు డేరియస్‌కు భార్య, డేరియస్ తర్వాత రాజైన జెర్క్సెస్ తల్లి. డేరియస్ సైరస్ నేరు వారసుడు కాడు, క్రీ.పూ. 522లో గద్దెను చేజిక్కించుకున్నవాడు. అందుకే సైరస్ కుమార్తెలు అటోస్సాను, ఇర్తష్దునను, సైరస్ మనవరాలు పార్మిస్‌ను వరుసగా పెళ్లాడాడు. పాత రాజవంశపు రక్తం ఆ స్త్రీల ద్వారానే ఆయన ఇంటికి చేరింది కనుక, వారు ఆయనకు ఎంత అవసరమో ఊహించండి. డేరియస్ పెద్దకొడుకును కాదని అటోస్సా కొడుకు జెర్క్సెస్ వారసుడు కావడాన్ని వివరిస్తూ హెరోడోటస్ "సర్వాధికారం అటోస్సాదే" అన్నాడు. వీడియోలు ఈ ఒక్క మాట పట్టుకుని వేలాడతాయి. కానీ జెర్క్సెస్ సొంత శాసనం పెర్సెపోలిస్‌లోనే దొరికింది. డేరియస్‌కు వేరే కుమారులు కూడా ఉన్నారనీ, తమ మహాదేవుడు అహురమజ్దా సంకల్పం ప్రకారం తండ్రి తన తర్వాత తననే అందరికంటే గొప్పవాడిగా చేశాడనీ అందులో ఉంది. తల్లి ప్రస్తావన లేదు. నిజం ఈ రెండింటి మధ్య ఉందని నా అభిప్రాయం: జెర్క్సెస్‌కు మొగ్గు చూపింది ఆయన తల్లి చేసిన ప్రయత్నం కాదు, ఆమె సైరస్ కుమార్తె కావడం.

ఇలా అనడానికి నాకు ఒక ఆధారం ఉంది. తండ్రి రాజయ్యాక పుట్టిన కొడుకుకే హక్కు అన్న వాదన జెర్క్సెస్ విషయంలో పనికొచ్చింది, నూరేళ్లలోపే మళ్లీ వినిపించి ఓడిపోయింది. రెండవ డేరియస్ భార్య పారిసాటిస్, తన చిన్నకొడుకు సైరస్‌ను (సామ్రాజ్య స్థాపకుడి పేరే ఇతనిది) రాజును చేయాలనుకుంది. పెద్దవాడు తండ్రి రాజు కాకముందు పుట్టాడు, చిన్నవాడు రాజయ్యాక పుట్టాడు కనుక చిన్నవాడికే హక్కు అన్నది ఆమె వాదన. జెర్క్సెస్ విషయంలో పనికొచ్చిన వాదనే ఇది అని ప్లూటార్క్ స్పష్టంగా రాశాడు. అయినా క్రీ.పూ. 404లో పెద్దకొడుకే రెండవ అర్టజెర్క్సెస్‌గా గద్దెనెక్కాడు. వారసుణ్ణి నిర్ణయించే మాట రాజుదే. రాణి మొగ్గు చూపగలదు, నిర్ణయించలేదు.

పారిసాటిస్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అధికారం, దాని హద్దు రెండూ ఆమె జీవితంలో కనిపిస్తాయి. పట్టాభిషేకం సమయంలో అన్నను చంపాలని చూశాడన్న నేరం మీద సైరస్ పట్టుబడితే, తల్లి అడ్డుపడి ప్రాణాలు కాపాడి, అతని పదవి మీదకే తిరిగి పంపించింది. క్రీ.పూ. 401లో అతను సైన్యం కట్టి అన్న మీదకు వచ్చి కునాక్సా యుద్ధంలో చనిపోయాడు. ఆ సైన్యంలో నడిచిన గ్రీకు సైనికుడు జెనోఫోన్, సిరియాలో ఒకచోట తాము విడిది చేసిన గ్రామాలు పారిసాటిస్‌వనీ, అవి ఆమె వడ్డాణం ఖర్చు కింద ఇచ్చినవనీ రాశాడు. మన దగ్గర ఆడపడుచుకు పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వడం తెలిసినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఇచ్చింది రాజు, ఇచ్చింది ఎకరాలు కాదు, ఊళ్లకు ఊళ్లు. టైగ్రిస్ ఒడ్డున ఆమెకున్న మరికొన్ని గ్రామాలను, చనిపోయిన సైరస్‌ను అవమానించడానికి, టిస్సఫెర్నిస్ అనే సేనాని గ్రీకు సైనికులకు దోచుకోవడానికి వదిలేశాడు. ధాన్యం, గొర్రెలు పుష్కలంగా దొరికాయట. ఆ టిస్సఫెర్నిస్ తల క్రీ.పూ. 395లో తెగిపడింది, దాని వెనుక పారిసాటిస్ పట్టుదల ఉందని గ్రీకులు రాశారు.

ఇదంతా గ్రీకుల మాటే కదా అని మీరు అడగవచ్చు. దక్షిణ ఇరాక్‌లోని నిప్పుర్‌లో 1893లో దొరికిన మురాషు కుటుంబపు వ్యాపార పలకల్లో పారిసాటిస్ పేరు బాబిలోనియన్ రూపంలో ఉంది. ఆమె పొలాలను కౌలుకిచ్చి శిస్తు వసూలు చేసిన ఏఅ-బుల్లిస్సు అనే నిర్వాహకుడి పేరూ ఉంది. సిరియా, టైగ్రిస్ తీరం, బాబిలోనియా – మూడు చోట్లా ఆమెకు ఆదాయం ఉండేదని ఇద్దరు సంబంధంలేని సాక్షులు చెబుతున్నప్పుడు సందేహానికి తావు లేదు.

ఆమె మీద అందరూ చెప్పే కథ మాత్రం వేరు. కోడలు స్టటైరాతో భోజనానికి కూర్చుని, ఒక వైపు మాత్రమే విషం పూసిన కత్తితో పక్షిని కోసి, మంచి ముక్క తాను తిని, విషపు ముక్క కోడలికి పెట్టిందని. ఆ కాలంలో ఆస్థాన వైద్యుడిగా ఉన్న క్టీసియస్ పక్షిని కోసింది పారిసాటిసే అన్నాడు. డీనోన్ అనే మరో రచయిత కోసింది వేరే మనిషి అన్నాడు. ఎప్పుడు జరిగిందన్న దానిలోనూ ఇద్దరికీ పొత్తు కుదరలేదు. స్టటైరా చనిపోయిందనీ, రాజు తల్లిని అనుమానించి బాబిలోన్‌కు పంపేశాడనీ మాత్రం నమ్మవచ్చు. దీన్ని అత్తాకోడళ్ల పోరుగా చెప్పడం నాకు అస్సలు నచ్చదు. అంతకు ముందు ఒక వివాహ సంబంధం బెడిసినప్పుడు స్టటైరా పుట్టింటివారిని పారిసాటిస్ ఆజ్ఞ మీద తుడిచిపెట్టారని క్టీసియస్ రాశాడు. స్టటైరా భర్త వేడుకోవడం వల్లే మిగిలింది. అంటే ఇది రెండు పెద్ద కుటుంబాల మధ్య రక్తపాతం. మగవారు ఇదే పని చేస్తే దాన్ని రాజకీయం అంటారు.

హోదాల క్రమం కూడా గమనించండి. రాజుతో ఒకే బల్ల మీద భోజనం చేసే అర్హత తల్లికి, భార్యకు మాత్రమే ఉండేదనీ, తల్లి రాజుకు పై స్థానంలో, భార్య కింది స్థానంలో కూర్చునేవారనీ ప్లూటార్క్ రాశాడు. రాజుకు భార్యలు ఎందరైనా ఉండవచ్చు, తల్లి ఒక్కతే. ఇదే స్టటైరా తెరలు తీసేసిన బండిలో ప్రయాణిస్తూ, సామాన్య స్త్రీలను దగ్గరకు రానిచ్చి ప్రజల అభిమానం పొందిందని కూడా ఆయనే చెప్పాడు. గడప దాటని బందీల చిత్రానికి ఇది ఎంత దూరమో చూడండి.

ఆ చిత్రం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పేరు నుంచే. మనం వాడే "జనానా" అన్న మాట పారశీక పదమే, "జన్" అంటే ఆ భాషలో స్త్రీ. నిజాం కాలపు జనానా మన మనసులో ఉంటుంది కనుక, దాన్ని రెండు వేల ఏళ్లు వెనక్కి తీసుకుపోయి డేరియస్ ఇంట్లో పెడతాం. పెర్సెపోలిస్‌లో తవ్వినవారు కూడా ఒక కట్టడానికి "జెర్క్సెస్ అంతఃపురం" అని పేరు పెట్టారు. అక్కడ స్త్రీలే నివసించారనడానికి గట్టి ఆధారం లేదు. మరోవైపు, పెర్సెపోలిస్ గోడల మీది వందలాది శిల్పాల్లో ఒక్క స్త్రీ మూర్తి కూడా లేదన్నది వాస్తవం. దీన్ని చూసి స్త్రీలకు విలువ లేదని తేల్చకండి. ఆ శిల్పాలు రాజ్యపు కొలువును చూపిస్తాయి, ఆ కొలువులో వారికి పదవి లేదు. చిన్న ముద్రల మీద మాత్రం స్త్రీలు ఆసనాల మీద కూర్చుని కనిపిస్తారు.

తెలుగు పాఠకుల్లో చాలామందికి పర్షియా ఆస్థానం బైబిలులోని ఎస్తేరు గ్రంథం ద్వారానే పరిచయం. అహష్వేరోషు, వష్తి, ఎస్తేరు, షూషను కోట, 127 సంస్థానాలు. ప్రతి ఏటా ఎవరో ఒక విద్యార్థి ఇది చరిత్రేనా అని అడిగేవారు. విశ్వాసానికి సంబంధించిన విషయం వేరు. చరిత్రపరంగా అయితే అహష్వేరోషును జెర్క్సెస్‌గా గుర్తిస్తారు, షూషను అంటే సూసా నగరం. కానీ హెరోడోటస్ చెప్పే జెర్క్సెస్ భార్య పేరు అమెస్ట్రిస్, పర్షియన్ ప్రముఖుడు ఓటనీస్ కుమార్తె. వష్తి, ఎస్తేరు అన్న పేర్లు ఇతర ఆధారాల్లో లేవు. అయినా ఒక పోలిక నన్ను ఎప్పుడూ ఆకర్షిస్తుంది. ఎస్తేరు విందు ఏర్పాటు చేసి, రాజు ప్రసన్నుడైనప్పుడు తన మనవి వినిపిస్తుంది. హెరోడోటస్ కథలో అమెస్ట్రిస్ కూడా రాజు పుట్టినరోజు విందు వరకు ఆగి, ఆ రోజు ఎవరి కోరికనూ రాజు కాదనకూడదన్న ఆచారాన్ని అడ్డం పెట్టుకుని తన శత్రువును తన చేతికి అప్పగించమంటుంది. ఒకరు ప్రాణాలు కాపాడటానికి, ఒకరు పగ తీర్చుకోవడానికి అడిగారు. మార్గం మాత్రం ఒకటే. 100 గొర్రెలు, 2,000 లీటర్ల వైన్‌తో ఇర్తష్దున పెట్టిన విందును ఈ వెలుగులో చూస్తే, అది కేవలం తిండి లెక్క కాదని తెలుస్తుంది.

ఇక నా హెచ్చరిక ఒకటుంది. బందీలు కారని తెలియగానే కొందరు అవతలి కొసకు వెళ్లి, పర్షియాలో స్త్రీపురుష సమానత్వం ఉండేదని రాస్తున్నారు. అది కూడా తప్పు. అదే పెర్సెపోలిస్ పలకల్లో, మగబిడ్డను కన్న కూలి తల్లికి ఇచ్చిన బత్తెంలో సగమే ఆడపిల్లను కన్న తల్లికి ఇచ్చారు. రాజకుమార్తెల పెళ్లిళ్లు రాజ్యావసరాల ప్రకారం జరిగాయి. ఏ రాణీ తన పేరుతో పాలించలేదు, ప్రాచీన పర్షియన్ శాసనాల్లో రాణి అన్న పదమే దొరకదు. ఎలమైట్ పలకల్లోని "దుక్షిష్" అంటే రాజవంశపు ఆడపడుచు అని మాత్రమే. అంతటి పారిసాటిస్‌ను కూడా కొడుకు ఒక్క మాటతో రాజధాని నుంచి దూరం పంపగలిగాడు, కొంతకాలానికి మళ్లీ పిలిపించుకున్నాడు.

మనవి చేసే హక్కు ఎంత లోతుగా నాటుకుపోయిందో చూపించే చివరి ఉదాహరణ మూడవ డేరియస్ తల్లి సిసిగాంబిస్‌ది. క్రీ.పూ. 333లో ఇస్సస్ యుద్ధం తర్వాత ఆమె అలెగ్జాండర్‌కు బందీగా చిక్కింది. కొడుకు రాజ్యం చేజారిపోతోంది, తన భూములు, పనివారు లేరు. రెండేళ్ల తర్వాత సూసాకు, పెర్సెపోలిస్‌కు మధ్య కొండల్లో ఉండే ఉక్సియన్లు అలెగ్జాండర్‌ను ఎదిరించి ఓడినప్పుడు, వారి ప్రాణాల కోసం, వారి నేల కోసం ఆమె అతనికి మనవి పంపింది. అలెగ్జాండర్ ఆమె మాట మన్నించి వారిని వారి కొండల్లోనే ఉండనిచ్చాడు. వారి దగ్గర డబ్బు లేదు కనుక ఏటా 100 గుర్రాలు, 500 బరువు మోసే పశువులు, 30,000 గొర్రెలు కప్పంగా కట్టేలా ఒప్పందం కుదిరిందని, అలెగ్జాండర్ సేనాని టాలమీ రాసినదాన్ని ఆధారం చేసుకుని గ్రీకు చరిత్రకారుడు అరియన్ నమోదు చేశాడు.